బెల్లంకొట్టం గోడ

తాంబరం ఆస్పత్రిలో మంచం ఖాళీ అయింది, వెంటనే వచ్చి చేరమన్న కబురు అందేసరికి ఆడి నెల సగమైంది. ఆషాఢంలాగే అచ్చిరాని ఆడిలో గడప దాటి దూరం పోగూడదని వజ్రమ్మ గొణిగింది గాని, గట్టిగా అనలేదు. క్షయ పట్టిన పెద్దకొడుకు ద్వారకనాథ్ దగ్గుతుంటే గోడ అవతల కూర్చుని తెల్లవార్లూ వినేది ఆమే. ఆస్పత్రిలో మంచం కోసం ఎందరెందరో కాచుకుని ఉండే రోజులవి. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ ఎప్పటికో.

పళ్ళిపట్టు పక్కన, ఏటి ఒడ్డున చెరకు పండే పల్లె వాళ్ళది. పొద్దున్నే బండి కట్టారు. తమ్ముడు జయరామ ఎద్దులను కాడికి తగిలిస్తున్నాడు. ద్వారకనాథ్ బెల్లంకొట్టం ముందు నిలబడి చేలవైపు చూస్తున్నాడు. చెరకు రసం కాచి బెల్లం వండే ఆ కొట్టానికి తూర్పుముఖంగా పొడవాటి మట్టిగోడ ఉంది. ఉగాదికి కొట్టిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడే పైకొచ్చిన ఎండ గోడ నిండా పరుచుకుంది.

చద్దిమూట పట్టుకుని వచ్చిన కాంచన అక్కడే ఆగిపోయింది. గోడమీద భర్త నీడ నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి కళ్ళు లోతుకు పోయాయి, చెంపలు పీక్కుపోయాయి, చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. నీడలో ఇవేమీ లేవు. భుజం మీద తువ్వాలు, కాస్త ముందుకు వంచిన తల, నడుము మీద చెయ్యి. పెళ్ళి చూపులకు వచ్చిన నాటి మనిషే.

ఇంట్లో అతని ఫోటో ఒక్కటి కూడా లేదు. పెళ్ళికి తిరుత్తణి నుంచి ఫోటోలు తీసే మనిషిని పిలిపిద్దామని కాంచన వాళ్ళ అన్న చెబితే, ఫోటో తీస్తే ఆయుస్సు తరుగుతుందని వజ్రమ్మ ససేమిరా అంది.

"కదలగాకండి," అంది కాంచన.

ద్వారకనాథ్ బిగుసుకుపోయాడు. "ఏం? తేలా?"

"తేలూ లేదు, గీలూ లేదు. అట్లే నిలబడండి."

ఆమె కొట్టంలోకి పోయి పొయ్యిలోని బొగ్గుముక్క తెచ్చింది. నీడ అంచున బొగ్గు ఆనించి తల దగ్గర మొదలుపెట్టింది. నీడను పట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎదురుగా నిలబడితే తన నీడే అడ్డం వస్తుంది. పక్కకు ఒదిగి, చెయ్యి చాచి గీయాలి. నుదురు గీసి ముక్కు దగ్గరికి వచ్చేలోగా ఎండ పైకెక్కి నుదురు కిందికి జారుతుంది. ఊపిరి బిగబట్టి గబగబా గీసింది. ఛాతీ దగ్గరికి వచ్చినప్పుడు అతనికి దగ్గు తెర వచ్చింది. నీడ కూడా ఊగింది. గీత అక్కడ వంకర పోయింది. దాన్ని సరిచేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

అతను వచ్చి చూశాడు. "ఎవురు, నేనేనా ఇది? నా ముక్కు ఇంత పొడుగుండాదా?" అని నవ్వాడు. జబ్బు పేరు తెలిసినప్పటి నుంచి అతను నవ్వడం అదే మొదలు.

బండి కదిలి ఏటిదారి పట్టాక వజ్రమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. గోడ చూసింది.

"ఏం పని ఇది? బతికుండే మనిషిని తీసుకొచ్చి గోడకి కొట్టినావా?"

"గుర్తుకోసమని గీసినా అత్తా."

"గుర్తులు పోయినోళ్ళకి పెట్టుకుంటారే, పిల్లా!"

ఆ సంగతి కాంచనకు తోచనే లేదు. తోచి ఉంటే బొగ్గు ముట్టేదే కాదు.

జయరామ అన్నను ఆస్పత్రిలో చేర్చి తిరిగొచ్చాడు. వచ్చీరాగానే సున్నం కలపమంది వజ్రమ్మ. అతను కుండెడు సున్నం కలిపి, కుంచె ముంచి, గోడ ముందు నిలబడి, అమాయకంగా అడిగాడు.

"తల కాడినుంచి కొట్టేద్దునా, కాళ్ళ కాడినుంచి కొట్టుకొద్దునా అమ్మా?"

వజ్రమ్మ నోరు తెరిచింది. తల నుంచి అని ఎలా అంటుంది? కాళ్ళ నుంచి అని మాత్రం ఎలా అంటుంది? కొడుకు చేతిలోని కుంచె లాక్కుని కుండలో పడేసింది.

"నోరు ముయ్యిరా. తుడిస్తే ఇంకా అపచారం. ఏమీ చేయొద్దు, పో."

పాత ఈతచాప ఒకటి తెచ్చి ఆ బొమ్మ మీద వేలాడదీసింది. అలా ఆ నీడ ఉంచుకోలేనిదీ, చెరపలేనిదీ అయి కూర్చుంది. కాంచన రోజూ ఎవరూ లేని వేళ చూసి చాప ఎత్తి చూసుకునేది. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించింది. తాను చాపను వదిలినప్పుడు ఒక తీరుగా ఉంటుంది, మళ్ళీ వచ్చేసరికి ఇంకో తీరుగా ఉంటుంది. ఎవరు ఎత్తుతున్నారో అడగలేదు.

దీపావళి వచ్చే ఐపసి నెలలో వానలు దిగాయి. ఒక మధ్యాహ్నం తూర్పు నుంచి ఈదురుగాలి లేచి, వాన ఏటవాలుగా కొట్టింది. కాంచన వంటింట్లో ఉంది. చాప గుర్తుకొచ్చింది. నెత్తిన గోతం వేసుకుని పరుగెత్తింది.

చాప ఎగిరి చేలో పడి ఉంది. గోడ ముందు వజ్రమ్మ నిలబడి ఉంది. వీపు వానకు ఒడ్డి, రెండు చేతులతో చేటను బొమ్మ తలకు అడ్డం పెట్టి, తడిసి ముద్దయిపోయి వణుకుతోంది.

"చూస్తా నిలబడినావేం! ఆ గోతాం ఇట్ల తే! సీక్రం!"

ఇద్దరూ గోతం పట్టుకుని, ఒకరినొకరు ఆనుకుని, వాన వెలిసేదాకా అలాగే నిలబడ్డారు. వాన తగ్గాక చూస్తే నడుము నుంచి కింద బొగ్గు కరిగి నల్లటి చారికలైంది. కాంచన ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏడిస్తే నిలస్తాదా?" అంది వజ్రమ్మ, ముక్కు చీదుతూ. "బండి ఇరుసుకి పూస్తామే కందెన, అది ఎన్ని వానలకన్నా పోతుందా? అది పూస్తే సరి."

కొట్టం దూలానికి వేలాడే కందెన బుర్ర దించారు. ఆముదంలో మసి కలిపిన ఆ నల్లటి ముద్దను, గోడ ఆరిన రోజున కొబ్బరిపీచు చుట్టిన పుల్లతో కాంచన పూస్తుంటే వజ్రమ్మ వెనక నిలబడి చెప్పసాగింది.

"ముక్కు అట్ల కాదు. ఈడ గంటుండాల. నాలుగేండ్లప్పుడు గడప మింద బోర్లా పడినాడు. ఆఁ... అట్ల. చెయ్యి ఇంకొంచెం లావు. నీకేం తెలుసు, వాడు నా బిడ్డ."

గీతల మధ్య కూడా నల్లగా నింపేసరికి ద్వారకనాథ్ గోడమీద నిండుగా నిలబడ్డాడు. ఇక చాప వేయలేదు.

అలా బయటపడ్డ బొమ్మను చూసిపోవడానికి ఊరు ఊరంతా వచ్చింది. పక్కింటి ముసలి కృష్ణమ్మ కర్ర పోటు వేసుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"నాదీ ఎయ్యి కాంచనా. నాకూ ఫోటో యాడిది?"

"ఆయుస్సు తగ్గుతుంది పిన్నీ," అంది వజ్రమ్మ.

"నాకింకేం ఉండాది తగ్గేదానికి? ఎయ్యి పిల్లా."

కృష్ణమ్మను కర్రతో సహా గీసింది కాంచన. తర్వాత మునిరత్నం తన కోడెదూడను తోలుకొచ్చాడు. అది నిలబడదు, నీడ నిలవదు. దాన్ని పట్టుకోవడానికి ముగ్గురు, తవుడు చూపించడానికి ఒకరు. చివరికి గోడమీద కొమ్ములు ఒకటి పైకి, ఒకటి పక్కకు వచ్చాయి. "మా దూడ అచ్చం అట్లే ఉంటుంది," అని మునిరత్నం సంతోషంగా పోయాడు. తలపాగా చుట్టుకుని గోవిందస్వామి వచ్చాడు. బిందెలతో ఆడవాళ్ళు వచ్చారు. వానలు తెరిపి ఇచ్చి ఎండ కాసిన పొద్దల్లా ఎవరో ఒకరు గోడ ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు.

కాంచన చెయ్యి తిరిగింది. గోడకు మూరెడు దూరంలో నిలబడితే నీడ అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. ఇంకా వెనక్కి పోతే మసకబారుతుంది. ముందు నిలబడ్డవాళ్ళను నల్లగా నింపి, వెనక ఉన్నవాళ్ళను పలచగా వదిలింది. నల్లటి నీడలోనే సున్నపు చుక్కలతో ముక్కెరలు, గాజులు పెట్టింది. ఎవరూ నేర్పలేదు. రోజు రోజుకూ గోడమీద ఊరు పెరిగింది. పళ్ళిపట్టు పోయే బండ్లవాళ్ళు ఎద్దులను ఆపి మరీ చూసేవాళ్ళు.

ఒక్కోసారి బొమ్మ బాగా కుదిరితే కాంచన తనకు తెలియకుండానే కూనిరాగం తీసేది. వెంటనే నాలుక కరుచుకునేది. మొగుడు ఆస్పత్రి మంచాన ఉంటే తనకు ఈ సంబరమేమిటి? ఆ తప్పు చేసిన భావం పగలంతా ముల్లులా గుచ్చుకునేది. అయినా మర్నాడు తెల్లవారి ఎండ రాగానే కాళ్ళు గోడవైపే లాగేవి.

కార్తిక నెల చివర్లో పెద్ద తుఫాను పట్టుకుంది. వాన ఎడతెగకుండా కొట్టి, ఏరు పొంగి, చేలల్లో నీళ్ళు నిలిచాయి. ఒక తెల్లవారుజామున, వాన వెలిసి కాకులు అరిచే వేళ, కొట్టం వైపు నుంచి బస్తాలు దొర్లినట్టు చప్పుడైంది.

అందరికంటే ముందు కాంచనే పోయింది. గోడ మొదట్లో నీళ్ళు ఊరి, మట్టి మెత్తబడి, దక్షిణపు కొస కుప్పకూలింది. మిగతా గోడంతా నిలబడే ఉంది. కృష్ణమ్మ ఉంది, తలపాగా ఉంది, కోడెదూడ ఉంది. ద్వారకనాథ్ ఒక్కడే లేడు. మట్టిపెళ్ళల మధ్య నల్లటి ముక్కలు కనబడుతున్నాయి.

ఊరివాళ్ళు వచ్చి నిలబడ్డారు. గోవిందస్వామి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన అలా తీయడం చూసి కాంచన మట్టిపెళ్ళల మధ్య కూర్చుండిపోయింది. ఈ ముప్పు నేనే తెచ్చాను, నేను గీయకపోతే కూలేదానికి ఏమీ ఉండేది కాదు అనుకుంది. అత్త మొహం వైపు చూడ్డానికి భయపడింది.

వజ్రమ్మ వచ్చి ఆమె రెక్క పట్టుకుంది. "పదమ్మే. కోక మార్చుకో. తాంబరం పోదాం."

"ఏరు నిండుగా ఉండాది, బండి పోదు," అన్నాడు జయరామ.

"బండి పోకుంటే కాళ్ళుండాయి గదరా."

ఏటికి అడ్డం పడకుండా గట్టుదారి చుట్టు తిరిగి, బురదలో నడిచి పళ్ళిపట్టు చేరారు. అన్నం తినలేదు, నీళ్ళు తాగలేదు. తిరుత్తణి బస్సులో ముందు సీట్ల మగవాళ్ళు తిరుత్తణి ఆంధ్రాకు ఉండాలా, మద్రాసుకు పోవాలా అని గొంతులు చించుకుంటున్నారు. "ఎవురిదైతే ఏమప్పా, బస్సుని సీక్రంగా పోనీయండి!" అని వజ్రమ్మ అరిచింది. ఆ ముసలామె గొంతులో ఏం వినబడిందో, అందరూ మాటలు ఆపేశారు.

తిరుత్తణి స్టేషన్లో రైలెక్కాక కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది. అరక్కోణం పోయింది, కడంబత్తూరు పోయింది, తిరువళ్లూరు పోయింది. పట్నంలో రైలు మారారు. చెయ్యి మాత్రం వదల్లేదు. తిడుతుందేమో, తిడితే బాగుండునని కాంచన ఎదురుచూసింది.

వాళ్ళు ఆస్పత్రి చేరేసరికి సాయంత్రం ఎండ వాలింది. పొడుగాటి వరండాలో వరసగా మంచాలు. జయరామ చెప్పిన గుర్తులు పట్టుకుని వెతికి, ద్వారకనాథ్ మంచం కనుక్కున్నారు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి పెట్టి ఉంది.

వజ్రమ్మ అక్కడే నేలమీద కూలబడింది. కాంచన మంచం కోడు పట్టుకుని నిలబడింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. తెల్లబట్టల వార్డుమనిషి ఒకాయన, ఏసు అని పిలుస్తున్నారు ఆయన్ని, పరుగున వచ్చాడు.

"ఎవరమ్మా? ద్వారకనాథా? అయ్యయ్యో, ఏడవద్దు. వెనకాల చెట్ల కింద ఉంటాడు. పోట్లాట వినబడలేదా?"

నిజంగానే పోట్లాట వినబడింది. వెనక సరుగుడు చెట్ల కింద నలుగురు రోగులు కేరమ్‌బోర్డు చుట్టూ కూర్చుని ఉన్నారు. అందులో ఒకడు, చెంపలు నిండి, మెడ కింద కాస్త కండ పట్టి, "నా కాయిని నువ్వే జరిపినావు, నేను చూడలేదనుకున్నావా?" అని గొంతెత్తి అరుస్తున్నాడు.

ఆ అరుపు మధ్యలో అతను తలెత్తి ఇద్దరు ఆడవాళ్ళను చూశాడు. మోకాళ్ళదాకా బురద, చెదిరిన జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహాలు. అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"జయరాముడికేమైంది?"

ఇద్దరూ ఏడుపు అందుకున్నారు. అది చూసి అతను మరింత బెదిరిపోయి, "అమ్మా, చెప్పమ్మా, తమ్ముడికేమైంది?" అని తానూ ఏడవడం మొదలుపెట్టాడు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే కేరమ్ ఆడేవాళ్ళు కూడా లేచి కళ్ళు తుడుచుకున్నారు.

చివరికి కాంచన గొంతు విప్పింది. "గోడ కూలిపోయింది."

"ఎవురి మింద?"

"ఎవురి మిందా లేదు. మీ బొమ్మ..."

కూడదీసుకుని అంతా చెప్పింది. ద్వారకనాథ్ నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నవ్వాడు. నవ్వుకు దగ్గు వస్తుందేమోనని అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. రాలేదు. ఇంకా నవ్వాడు. అయినా రాలేదు.

"మట్టిగోడ వానకి కూలక ఇంకేం చేస్తుందే? పునాది కాడ కాలవ తీయమని ఆ జయరాముడికి రెండేండ్లుగా చెప్తా ఉండా!"

తర్వాత అతను నెమ్మదిగా చెప్పాడు. ఇక్కడ కూడా తన నీడ తీస్తున్నారట. ఎక్స్‌రే అంటారట. ఛాతీని పలకకు ఆనించి నిలబడితే లోపలి ఊపిరితిత్తుల నీడ పడుతుందట. మొదటి దాంట్లో పెద్ద మచ్చ ఉండింది. ఇప్పుడు తీసినదాంట్లో వెతికితే కష్టం మీద కనబడిందన్నాడట డాక్టరు. వేసవి నాటికి ఇంటికి పోవచ్చు.

"ఫోటో మాదిరేనా?" అంది వజ్రమ్మ అనుమానంగా.

"ఫోటో మాదిరే. ఆ నీడ చూసే గదమ్మా సూదిమందు ఎంత ఎయ్యాలో చెప్పేది."

వజ్రమ్మ చాలాసేపు ఆలోచించింది. "అట్లయితే ఇంకోటి తీయమను," అంది.

ఆ రాత్రి ఆస్పత్రి బయట సత్రంలో తలదాచుకుని మర్నాడు తిరుగు రైలెక్కారు. రైలు తిరువళ్లూరులో ఆగగానే వజ్రమ్మ చటుక్కున లేచింది. "దిగు. ఆకలేస్తా ఉండాది." ఇల్లు వదిలినప్పటి నుంచి వాళ్ళ కడుపులో కాఫీ తప్ప ఏమీ పడలేదని కాంచనకు అప్పుడే గుర్తొచ్చింది. స్టేషన్ బయట అరిటాకులో ఇడ్లీ, మీద సాంబారు. వజ్రమ్మ గబగబా తింది, ఇంకో వాయి పెట్టించుకుంది, కోడలి ఆకులో కూడా పెట్టించింది. తింటూ తింటూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"గోవిందస్వామి తలపాగా తీసేసినాడు చూసినావా? పాపం, గోడకి!"

కాంచనకు పొలమారింది. ఇద్దరూ నవ్వాపుకోలేక, పక్క బల్లల వాళ్ళు చూస్తున్నా ఆపుకోలేక, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. ఈలోగా రెండో రైలు కూడా వెళ్ళిపోయింది. ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. బల్ల మీద గోడకు ఆనుకుని వజ్రమ్మ కోడలి భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. కాంచనకు ఒళ్ళంతా తేలికైంది. ఆడి నెల నుంచి తాను సగం ఊపిరే పీలుస్తూ వచ్చిందని ఆ బల్ల మీద కూర్చున్నాకే తెలిసింది.

సంక్రాంతి పోయాక జయరామ కాలవ తీశాడు, రాతి పునాది వేసి గోడ కొస మళ్ళీ కట్టాడు. కొత్త సున్నం ఆరగానే అందరికంటే ముందు వజ్రమ్మే వచ్చి నిలబడింది, కాసుల పేరు వేసుకుని. "ఊఁ, కానీ. కాసులు ఒక్కటీ తగ్గగూడదు," అంది. ఆమె నీడ గోడమీద నడుముకు చేతులు పెట్టుకుని ఇప్పటికిప్పుడు ఎవరినో కేకలేసేటట్టు వచ్చింది. ఊరంతా మెచ్చుకుంది.

ఎండలు ముదిరిన చిత్తిర నెలలో ద్వారకనాథ్ ఇంటికి వచ్చాడు. చేలన్నీ తిరిగి చూశాడు. గోడ చూశాడు. అమ్మ బొమ్మ ముందు నిలబడి చేతులెత్తి దండం పెట్టి తిట్లు తిన్నాడు. మామిడికాయ పప్పుతో కడుపునిండా అన్నం తిని, వసారాలో గాలి తగిలేచోట మంచం వేసుకుని పడుకున్నాడు.

గిన్నెలు కడుగుతూ కాంచన చెవులు అటే పెట్టింది. వజ్రమ్మ కూడా చేట పక్కన పెట్టి వింటోంది. కాసేపటికి గురక మొదలైంది. సన్నగా మొదలై వసారా అదిరేటంతైంది.

"వాళ్ళ నాయనది ఇంతకంటే దొడ్డది," అంది వజ్రమ్మ తృప్తిగా, మళ్ళీ చేట అందుకుని.

కాంచన చెయ్యి తుడుచుకుని పెరట్లోకి వచ్చింది. మునగచెట్టు నీడ నేలమీద సన్నసన్నటి ఆకులతో ఊగుతోంది. ముగ్గుపిండి చిప్ప తెచ్చి, కూర్చుని, ఆ కొమ్మల వెంట పిండి వదలసాగింది. గాలి వీచినప్పుడల్లా కొమ్మ పక్కకు జరిగేది. ఆమె కూడా దాని వెంట జరిగి మళ్ళీ గీసేది. కోళ్ళు వచ్చి ఒక పక్క నుంచి పిండి పొడుచుకు తినడం మొదలుపెట్టాయి. కాంచన వాటిని అదిలించలేదు. లోపల గురక వినబడుతూనే ఉంది.